తిరగేసిన కోటు

చెరుకు పనికి మనవాళ్ళు ఓడలెక్కి వచ్చిన ఆ దీవిలో, లాల్మతీ పెద్దవీధిలో రామలు కుట్టుకొట్టు ముందు శనివారం సాయంత్రం ఎవరైనా ఆగి చెవి పెడితే, లోపల ఇద్దరు మగాళ్ళు ఆస్తి పంపకాల దగ్గర కొట్టుకుంటున్నారనుకుంటారు. అక్కడ ఆస్తీ లేదు, పాస్తీ లేదు. ఆ గొడవంతా ఒక బొమ్మల కథ గురించి. శనివారం పత్రిక నాలుగో పేజీ అడుగున, ఆరు గళ్ళలో వచ్చే 'సేరంగ్ కొరాయ్' గురించి.

సేరంగు అంటే ఓడ మీద కళాసీలకి పెద్ద. ఈ కొరాయ్ అనే సేరంగు పాత తెరచాప పడవ ఒకటి వేసుకుని రోద్రీగ్ దీవికీ అగలేగాకీ మధ్య తిరుగుతూ, దొంగలతో తలపడుతూ, తుపాన్లలో ఈదుతూ, తీరిక దొరికితే చేపల కూర వండుకుంటూ రెండున్నరేళ్ళుగా నడుస్తున్నాడు. కింద మూలలో 'అప్పయ్య' అని చిన్న సంతకం ఉంటుంది. ఆ అప్పయ్య ఎవరో, ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. మనవాడే అయ్యుంటాడని మాత్రం ఇద్దరికీ గర్వం.

అది పంతొమ్మిదివందల అరవై ఏడు. ఆగస్టులో ఎన్నికలయ్యాయి. దీవి వదిలి బ్రిటిష్ వాళ్ళు పోతే బతుకుతామా చస్తామా అని వీధి వీధంతా అరుచుకుంటోంది. రెండు పార్టీల జెండాలూ రామలే కుట్టాడు, ఒకే మిషను మీద, ఒకే దారంతో. కాని శనివారం సాయంత్రం కొట్లో దేశం మాట ఎత్తితే ఒప్పుకోడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి.

రెండో మనిషి గోపాలం. రామలు భార్య రంగమ్మకి అన్న. మందిరం పక్క గదిలో పిల్లలకి తెలుగు చెబుతాడు, రామభజనలో ముందుండి పాడతాడు. శనివారం కొట్లో తెలుగే మాట్లాడాలని నియమం పెట్టింది ఆయనే. రామలుకి నోరు తెరిస్తే దీవి భాష క్రెయోలు వస్తుంది, 'కాని' అనాలంటే 'మే' అంటాడు. నియమం అరగంటకోసారి చస్తుంది.

"గెత్ సా, బావా! జేబు చూడు!" అనేవాడు రామలు.

"చూడు అన్నావుగా, చాలదూ? మళ్ళీ ఆ గెత్ సా ఎందుకు?" అనేవాడు గోపాలం.

వచ్చిన బొమ్మలన్నీ కత్తిరించి, రామలు తన పాత కోటుగుడ్డల నమూనా పుస్తకంలో అంటించాడు. ఒక పేజీలో బూడిదరంగు ఉన్నిముక్క, ఎదురుగా తుపాను. అప్పయ్య ఏ బొమ్మ ఎక్కడినించి పట్టుకొచ్చాడో వెతకడం వాళ్ళకి పెద్ద పని. కెరటాలు చీనావాడి కొట్లోని టీ డబ్బా మీదవని గోపాలం కనిపెట్టాడు. ఆ డబ్బా కొనేదాకా ఇద్దరూ నిద్రపోలేదు, టీ మటుకు చేదని రంగమ్మ కోడిగూట్లో చల్లేసింది. పడవ అగ్గిపెట్టె మీది పడవే, జెండా ఒక్కటే మార్చాడు. దొంగల నాయకుడి మీసం కూలీల మీద అజమాయిషీ చేసే ఏ ఎస్టేటు సర్దారుదో ఉండాలి. సబ్బు కేలండరులో అమ్మాయి జడ రేవులో ఉండే వంటామెకి వచ్చింది. సేరంగు నిలబడే తీరు బొంబాయి పటంలో రాముడిదని గోపాలం అంటే, ఆ ఒక్కదానికీ రామలు ఒప్పుకోలేదు.

"నోం, బావా. రాముడికి రెండు భుజాలూ సమానం. వీడి ఎడమ భుజం అరంగుళం కిందికి ఉంది. ఇది పటం చూసి గీసింది కాదు. బరువు మోసిన మనిషి. ఎదురుగా నిలబెట్టి గీశాడు. ఇలాంటి భుజానికి నేను ఎన్ని కోట్లు కుట్టలేదు!"

అక్కడిదాకా తగాదా సుఖంగానే సాగింది. కిందటేడాది నవంబరులో బొమ్మలు రెండు వారాలు రాలేదు. మళ్ళీ మొదలైనప్పుడు సేరంగు కోటు జేబు మారిపోయింది. అంతవరకూ ఎడమ రొమ్ము మీద ఉన్న జేబు కుడి రొమ్ము మీదికి వచ్చింది. బొత్తాల వైపూ మారింది. మారి, ఆ తరవాత ప్రతివారం అలాగే ఉంది. పైగా కోటు సేరంగు ఒంటిమీద వేలాడుతోంది. అరంగుళం దిగిన ఆ భుజం కూడా ఇప్పుడు లేదు.

"తప్పు. పరధ్యానం," అన్నాడు గోపాలం.

"పది నెలలా పరధ్యానం?" అని రామలు పోట్లాడాడు.

రామలు ఆలోచించి ఆలోచించి ఒక సిద్ధాంతం చేశాడు. దర్జీ తప్ప ఇంకొకడు చెయ్యలేని సిద్ధాంతం. కోటు ఎండకి వెలిసిపోతే పారేసే స్తోమత చెరుకుతోటల్లో పెరిగినవాళ్ళకి ఎక్కడిది? దర్జీకి ఇస్తారు. దర్జీ కుట్లన్నీ విప్పి, గుడ్డ లోపలి వైపు పైకి వచ్చేటట్టు తిప్పి, మళ్ళీ కుడతాడు. ఎండ మొహం చూడని రంగు బయటికొచ్చి కోటు కొత్తదవుతుంది. అయితే ఎడమ ముక్క కుడికి వెళుతుంది, కుడి ముక్క ఎడమకి వెళుతుంది, దాంతో జేబు కుడి రొమ్ముకి వస్తుంది. పెళ్ళిపందిట్లో కుడివైపు జేబు కనబడితే అది తిరగేసిన కోటని అందరికీ తెలుస్తుంది. ఎవరూ పైకి అనరు.

"సేరంగు చితికిపోయాడు బావా," అన్నాడు రామలు. "తిండి లేక చిక్కిపోయాడు. అందుకే కోటు వదులైంది. కొత్తది కొనలేక తిరగేయించుకున్నాడు. ఒక్క మాటా చెప్పలేదు ఆ అప్పయ్య, చూసేవాడు చూస్తాడులే అని వదిలేశాడు. బోన్జే, దేవుడా, ఏం చెయ్యి!"

గోపాలానికి మతిపోయింది. కాని ఓడిపోవడం ఆయన జాతకంలో లేదు. పుస్తకం తిరగేసి, వేలు పెట్టి చూపించాడు. "కోటు తిరగేస్తే జేబు మారుతుంది, సరే. చెయ్యి ఏమైంది? ఈ పది నెలల్లో సేరంగు ఎడమ చెయ్యి ఒక్కసారైనా కనబడిందా? తెరచాప వెనకో, పీపా వెనకో, గడి బయటో. సొరచేప కొరికేసుంటుంది. ముందు ముందు చెబుతాడు."

రామలు నిజంగానే వెతికాడు. ఎడమ చెయ్యి లేదు. అయినా జేబు మీద మోజు చావలేదు. ఆ సూక్ష్మం తనొక్కడే పట్టాడన్న సంగతి లోకానికి తెలియాలనిపించింది. మనిషికి ఆ దురద ఉంటుంది, దర్జీకైనా, దొరకైనా. తను చెబుతుంటే గోపాలం మంచి ఫ్రెంచిలో ఉత్తరం రాశాడు. పత్రిక దాన్ని సెప్టెంబరు రెండో శనివారం వేసింది, 'లాల్మతీ దర్జీ' అన్న సంతకంతో. పది నెలలుగా సేరంగు జేబు కుడివైపు ఉందనీ, అది తప్పు కాదనీ, పేదవాడి తిరగేసిన కోటనీ, దాన్ని అంత నేర్పుగా చూపిన చేతికి దండమనీ అందులో ఉంది. రామలు ఆ ముక్క కత్తిరించి, అద్దం పక్కనే అంటించుకున్నాడు.

మరుసటి శనివారం నాలుగో పేజీ అడుగున ఎరువుల ప్రకటన ఉంది. ఆపై శనివారమూ అదే ఎరువు.

"జబ్బు చేసుంటుంది," అన్నాడు గోపాలం. రామలు మాత్రం వారాలు లెక్కపెట్టాడు. ఉత్తరానికి ముందు బొమ్మ ఉంది, ఉత్తరానికి తరవాత లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మెచ్చుకుంటే ఎవరైనా పని మానేస్తారా? ఎంత తలకొట్టుకున్నా అర్థం కాలేదు. అన్నం సయించడం మానేసింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని రంగమ్మ విసుక్కుంది.

మూడో శనివారం మధ్యాహ్నం వాన ముంచుకొచ్చింది. పెరట్లో ఎండబెట్టిన మిరపకాయలు తడిసిపోతున్నాయని, రంగమ్మ కొయ్యకి ఉన్న రామలు కోటు తగిలించుకుని పరిగెత్తింది. పళ్ళెం కుడిచేత్తో పట్టుకుని లోపలికి వచ్చి, కొట్లో ఉన్న నిలువుటద్దం ముందు ఆగి, ఎడమ చేత్తో మొహం తుడుచుకుంది. పీట మీద కూచుని బొత్తాలు కుడుతున్న రామలు తలెత్తాడు. అద్దంలోకి చూశాడు. సూది వేలికి దిగింది, తెలియలేదు.

అద్దంలో కోటు జేబు కుడి రొమ్ము మీద ఉంది. బొత్తాలు తిరగబడి ఉన్నాయి. భుజాలు చాలక కోటు వేలాడుతోంది. సేరంగు కొరాయే!

"కదలకు, కదలకు," అని లేచాడు. "ఆ పళ్ళెం కిందపెట్టి, ఆ చేతిలో పెన్సిలుందనుకో. నిన్ను నువ్వే అద్దంలో చూసి బొమ్మ గీస్తున్నావనుకో. ఆ గీసే చెయ్యి బొమ్మలోకి ఎలా వస్తుంది? రాదు! దాన్ని దాచెయ్యాలి. అద్దంలో అది ఎడమ చెయ్యి అవుతుంది, మే వూయ్, అంతే కదా!"

రంగమ్మకి పెన్సిలూ తెలియదు, సొరచేపా తెలియదు. సంగతంతా చెప్పించుకుని, కోటు విప్పి విదిలిస్తూ అంది: "అయితే గీసేది ఆడదే. మొగుడి కోటు తొడుక్కుంటే ఏ ఆడదానికైనా ఇలాగే ఉంటుంది."

"మొగుడి కోటు ఆవిడెందుకు తొడుక్కుంటుంది? మొదట్లో వాణ్ణి నిలబెట్టే గీసింది కదా."

"మొగుడుంటే వాడి కోటు వాడే తొడుక్కుంటాడు," అంది రంగమ్మ.

రామలు కూలబడ్డాడు. నవంబరులో రెండు వారాలు బొమ్మ రాకపోవడం గుర్తొచ్చింది. చనిపోయిన మనిషి కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డ ఆడమనిషికి తను ఊరందరి ముందూ ఏం రాశాడో ఇప్పుడు తెలిసింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, ఆ పోటు తన చేత్తోనే వేశాడు, పైగా దండం పెట్టి మరీ వేశాడు. ఉత్తరం ముక్క అద్దం పక్కనించి పీకేశాడు. గోపాలానికి ఒక్క మాట చెప్పలేదు.

సోమవారం పోర్ట్ లూయీ పట్నం వెళ్ళి పత్రిక ఆఫీసులో అడిగాడు. బొమ్మలు బస్సులో నువెల్ ఫ్రాన్స్ అనే పల్లె నించి వస్తాయనీ, అప్పయ్యకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చిందనీ గుమాస్తా చెప్పాడు. అప్పయ్య బతికే ఉన్నాడనుకుంటున్నారు వీళ్ళు, అనుకున్నాడు రామలు. ఆ ఆదివారం పొద్దున్నే కోట్లు కత్తిరించే కత్తెర సంచిలో వేసుకుని బయల్దేరాడు.

నువెల్ ఫ్రాన్స్‌లో చలి. సన్నటి జల్లు. అప్పయ్య ఇల్లని అడిగితే, చెరుకు దాటి, అల్లం మడుల పక్కన రేకుల ఇల్లు చూపించారు. తలుపు తీసినామెకి నలభై ఏళ్ళుంటాయి. పేరు పార్వతీదేవి. రామలు తన పేరు చెప్పి, ఊరు చెప్పగానే ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది.

"లాల్మతీ దర్జీవి నువ్వేనా అన్నయ్యా? రా. తడుస్తున్నావు."

టీ ఇచ్చింది. రామలు దారంతా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయాడు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

"నువ్వు మంచే రాశావు," అందామె. "చిన్నప్పటినించీ పంచదార సంచుల కాగితం మీద నేను గీసేదాన్ని. మొదటి బొమ్మలు ఆఫీసుకి తీసుకెళ్ళింది ఆయన. ఆయనే గీశాడనుకున్నారు. మా ఆవిడ గీసిందంటే నవ్వి పంపేస్తారని, ఊరుకున్నాడు. ఇంటికొచ్చి నా ముందు సేరంగులా నిలబడేవాడు. ఒక గంట కదలకుండా. నస పెట్టేవాడు, మే నిలబడేవాడు." ఆమె అతని గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది. "నవంబరులో జ్వరం. పది రోజులు. అంతే."

"ఆఫీసులో తెలియదా?"

"తెలిస్తే ఆపేస్తారు. నువ్వూ చెప్పకు."

"చెప్పను," అన్నాడు రామలు.

"కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, నాకు ఆయన కనబడేవాడు. నిజంగా అన్నయ్యా. జేబు ఎటుందో నేను చూడనే లేదు. ఆయన మొహమే చూసేదాన్ని. ప్రతివారం ఒక గంట వచ్చి నిలబడి పోయేవాడు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నీ ఉత్తరం చదివాక వెళ్ళి అద్దం ముందు నిలబడ్డాను. జేబు చూశాను. ఇంక ఆయన రాలేదు. కోటేసుకున్న ఆడమనిషి ఒకతి నిలబడి ఉంది. ఆవిణ్ణి గీసి ఏం చెయ్యను?"

రామలుకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తను తెచ్చిన ఉపాయం చెప్పాడు. కోటు నిజంగానే తిరగేసి కుడతానన్నాడు. అప్పుడు ఆమె తొడుక్కుంటే అద్దంలో జేబు ఎడమకి వస్తుంది, సరిగ్గా ఉంటుంది, అతను మళ్ళీ కనబడతాడు. ఒక్క రోజు పని. కూలి వద్దు.

ఆమె లోపలికి వెళ్ళి కోటు తెచ్చింది. నల్లది, మోచేతుల దగ్గర పల్చబడింది. రామలు ఒళ్ళో పరుచుకుని చంక కుట్టు వెతికి కత్తెర మొన పెట్టాడు. ఆమె చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"విప్పకు. ఇది ఆయన విప్పి వెళ్ళినట్టే ఉండనీ."

కత్తెర సంచిలోకి వెళ్ళిపోయింది. ఇంక చెయ్యగలిగింది ఏముంది? రామలుకి తెలిసింది ఒక్క కుట్టుపని. లేచి, కోటుని తలుపు పక్క మేకుకి తగిలించాడు. దర్జీలు కొత్త కోటుని చూసినట్టే, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. అలవాటు ఊరుకోలేదు.

"ఎడమ భుజం మీద మోసేవాడు," అన్నాడు. "చెరుకా?"

"చెరుకూ, అల్లం బస్తాలూ."

"లోపలి దూది అణిగి అట్టయిపోయింది చూడు. కాలరు వెనక కుడివైపే అరిగింది, తల అటు వాల్చి వినేవాడు. ఇదిగో, కింద కుడి జేబు. సాగి సంచైపోయింది. చెయ్యి ఎప్పుడూ అందులోనే ఉండేదా? ఏం పెట్టుకునేవాడమ్మా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది. "ఉడికించిన శనగలు! బొమ్మ గీస్తుంటే దొంగతనంగా తినేవాడు. ఒక్కోటి ఒక్కోటి. నాకు తెలియదనుకునేవాడు." నవ్వు అలా నవ్వుతూనే ఏడుపైంది. ఆమె చాలాసేపు మేకుకి వేలాడుతున్న కోటుని చూస్తూ ఉండిపోయింది. అతను సెలవు తీసుకుంటే గుమ్మం దాకా వచ్చింది గాని, బొమ్మల మాట ఎత్తలేదు. బస్సులో వస్తున్నంతసేపూ, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అయింది కదా అనుకుని తనని తాను తిట్టుకున్నాడు.

మరో రెండు శనివారాలు ఎరువే నడిచింది. మూడో శనివారం గోపాలం వీధి చివరినించే పత్రిక ఊపుకుంటూ వచ్చాడు.

"వచ్చింది బావా! వచ్చింది! మే ఇదేం బొమ్మ?" అన్నాడు. నియమం పెట్టినవాడే నియమం తప్పాడు.

ఆరు గళ్ళు లేవు. నాలుగో పేజీ అడుగున ఆ చివరినించి ఈ చివరికి ఒకటే పెద్ద గడి. పడవ లోపలి గది. కిటికీలోంచి సముద్రం, ఈసారి కెరటాలు ఏ టీ డబ్బా మీదవీ కావు. చెక్క గోడకి ఒక మేకు. మేకుకి నల్లకోటు. గదిలో మనిషి లేడు. కోటు ఎడమ భుజం అరంగుళం దిగి ఉంది. కింద కుడి జేబు సంచిలా సాగి ఉంది. రొమ్ము మీది జేబు ఎడమవైపు ఉంది.

రామలు పత్రిక చేతిలోకి తీసుకుని వెలుతురు దగ్గరికి వెళ్ళాడు. ఈ బొమ్మకి అద్దం లేదు. కోటు ఎవరి ఒంటి మీదా లేదు. ఆమె దాన్ని మేకుకి తగిలించి, ఎదురుగా కూచుని, ఉన్నదున్నట్టు గీసింది. ఆ సంగతి ఈ దీవి మొత్తంలో తెలిసినవాడు తనొక్కడే. పుట్టి బుద్ధెరిగాక ఇంత గొప్ప సంగతి కనిపెట్టలేదు, దాన్ని పక్కనున్న బావకైనా చెప్పే దారి లేదు.

గోపాలం అప్పటికే నమూనా పుస్తకం తెరిచి కలం తీశాడు. "జేబు మళ్ళీ ఎడమకొచ్చింది, చూశావా? తిరగేసిన కోటు మళ్ళీ తిరగేస్తారా ఎవరైనా? నీ సిద్ధాంతం మట్టిలో కలిసింది. ఇది ముమ్మాటికీ తప్పు. చెప్పు, రాస్తాను."

"వద్దు బావా. ఈసారి రాయకు."

"రాయకపోతే ఎలా? అసలు సేరంగు ఏడీ? ఎక్కడికెళ్ళాడు?"

రామలు బొమ్మలో భుజం దిగిన చోట వేలు పెట్టి, కాగితాన్ని మెల్లగా సాపు చేశాడు.

"పోయాడు బావా," అన్నాడు.

గోపాలం రామలు మొహం చూసి, కలానికి మూత పెట్టుకున్నాడు.